ప్రాజెక్టు ఫోల్డరులోని లాంగ్వేజ్ సర్వర్‌ను ఎడిటర్‌కు చూపించే పద్ధతి

"అక్కా, టెర్మినల్‌లో కొడితే సర్వర్ నడుస్తోంది, ఎడిటర్ మాత్రం లేదంటోంది" అని మా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లు అంటుంటారు. ఈ ఫిర్యాదుకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: టెర్మినల్‌కు తెలిసినది ఎడిటర్‌కు తెలియాలని ఎక్కడా లేదు, కాబట్టి ముందు ఎడిటర్‌నే అడగండి. ఎలా అడగాలో, అది చెప్పే జవాబును బట్టి ఏం మార్చాలో ఇక్కడ రాస్తున్నాను. కమాండులనూ ఫైళ్ల పేర్లనూ ఫోనులో చెప్పినట్టు పలికే తీరులోనే ఇస్తున్నాను. మీరు మాత్రం మామూలుగానే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. చుక్కలు, గీతలు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి.

పర్లాకిమిడిలో దుకాణాలకు బిల్లింగు ప్రోగ్రాములు రాసివ్వడం నా వృత్తి. కొందరు ఖాతాదారులు ఊళ్లోవాళ్లే, కొందరు సరిహద్దు అవతల పాతపట్నం వాళ్లు. రెండు ఊళ్ల మధ్య రాకపోకలు రోజూ ఉండేవే. అయినా జీఎస్టీ లెక్కలో ఒడిశా కోడ్ 21, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. ఊళ్లోనే అమ్మితే పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా చెరిసగం పడుతుంది. అదే సరుకు పాతపట్నం వెళితే మొత్తం ఐజీఎస్టీ. ప్రోగ్రాములో ఒకచోట 21ని అంకెగానూ, మరోచోట కొటేషన్ల మధ్య అక్షరాలుగానూ రాసి, ఆ రెండింటినీ మూడు సమాన గుర్తులతో పోల్చారనుకోండి. జావాస్క్రిప్ట్ నోరెత్తదు, కానీ ఆ పోలిక ఏనాటికీ నిజం కాదు. పక్క వీధి దుకాణానికి కూడా ఐజీఎస్టీ బిల్లు పోతుంది. టైప్‌స్క్రిప్ట్‌లో (విలువల రకాలను ముందే తనిఖీ చేసే జావాస్క్రిప్ట్ రూపం) రాసి, లాంగ్వేజ్ సర్వర్ కూడా నడుస్తుంటే ఆ వాక్యం కింద అక్కడికక్కడే ఎర్ర గీత పడుతుంది. ఆ గీత కోసమే నా తాపత్రయమంతా.

లాంగ్వేజ్ సర్వర్ అంటే ఎక్కడో దూరాన ఉండే కంప్యూటర్ కాదు. మీ యంత్రంలోనే నడుస్తూ, కోడ్‌లో తప్పులు పట్టి ఎడిటర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాము. ఎడిటర్ దాన్ని తన పిల్ల ప్రాసెస్‌గా మొదలుపెట్టి, జేసన్ ఆర్‌పీసీ అనే రూపంలోని సందేశాలతో మాట్లాడుతుంది. ఈ మాటల పద్ధతికి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (ఎల్ఎస్‌పీ) అని పేరు. మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి 2016 జూన్‌లో దీన్ని ప్రకటించాయి. అంతకుముందు ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడివిడిగా ప్లగిన్ రాయాల్సి వచ్చేది. ఇప్పుడు భాషకు ఒక సర్వర్ ఉంటే చాలు. మిగిలిన చిక్కల్లా ఆ సర్వర్ ఎక్కడుందో ఎడిటర్‌కు తెలియడమే.

యంత్రమంతటికీ ఒకే సర్వర్ పెట్టేస్తే పోదా అని అడగవచ్చు. మా దగ్గర పోదు. పాతపట్నం రైస్ మిల్లు ప్రోగ్రాము టైప్‌స్క్రిప్ట్ 4.9 మీద ఆగి ఉంది. దాన్ని కదిపే ధైర్యం నాకు గానీ, కదిపినందుకు డబ్బిచ్చే ఓపిక మిల్లు యజమానికి గానీ లేదు. ఊళ్లోని చీరల దుకాణం ప్రోగ్రాము వెర్షన్ 5తో మొదలైంది. పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌తో తనిఖీ చేస్తే లేని తప్పులు కనిపిస్తాయి, కొత్త కోడ్‌ను పాతదానితో చూస్తే ఉన్న సౌకర్యాలను కూడా అది తప్పంటుంది. అదీగాక మా ల్యాప్‌టాపులన్నీ పాతవి కొన్నవే, ఒక్కొక్కదాన్ని ఇద్దరు ముగ్గురు వాడుతుంటారు. అందరికీ సుడో పాస్‌వర్డ్ (యంత్రమంతటినీ మార్చే అధికారం) ఇవ్వను. అందుకని ఏ ప్రాజెక్టుకు కావలసిన సర్వర్ ఆ ప్రాజెక్టు ఫోల్డరులోనే ఉండాలన్నది మా నియమం. టైప్‌స్క్రిప్ట్‌కైతే, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎంతో ఇలా:

ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ --సేవ్-డెవ్ టైప్‌స్క్రిప్ట్ టైప్‌స్క్రిప్ట్-లాంగ్వేజ్-సర్వర్

(రైస్ మిల్లు ప్రాజెక్టులో టైప్‌స్క్రిప్ట్ పేరు పక్కన @4.9 అని చేరుస్తాం.) ఈ కమాండు తర్వాత నోడ్_మాడ్యూల్స్ ఫోల్డరులో .బిన్ అనే దాగిన ఫోల్డరు ఒకటి ఉంటుంది. నడపదగిన పేర్లన్నీ అందులో ఉంటాయి. దాని దారిని అడిగి తెలుసుకోవడానికి ఎన్‌పీఎం బిన్ అనే కమాండు ఒకప్పుడు ఉండేది. ఎన్‌పీఎం 9వ వెర్షన్‌లో తీసేశారు. పాత పాఠాల్లో అది కనిపిస్తే దాటి వెళ్లండి.

ఎడిటర్ జోలికి వెళ్లేముందు సర్వర్ అసలు లేస్తుందో లేదో చూడాలి. ప్రాజెక్టు ఫోల్డరులో నిలబడి ఇది కొట్టండి:

నోడ్_మాడ్యూల్స్/.బిన్/టైప్‌స్క్రిప్ట్-లాంగ్వేజ్-సర్వర్ --ఎస్‌టీడీఐఓ

ఏమీ జరగదు. కర్సర్ అలా మెరుస్తూ ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరిపోయి, యంత్రం బిగుసుకుపోయిందని నన్ను పిలుస్తారు. బిగుసుకోలేదు. ఎడిటర్ నుంచి మొదటి సందేశం కోసం ఎదురుచూస్తోంది, అంతే. ఆ మౌనమే మనకు కావలసిన ఫలితం. కంట్రోల్ సీ నొక్కి బయటికి రండి. మౌనానికి బదులు తప్పు సందేశం ఏదైనా వచ్చిందా, ఎడిటర్‌లో ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు. ముందు దాన్ని సరిచేయాలి.

ఇప్పుడు ఎడిటర్‌ను అడగడం. కేవలం పేరు ఇచ్చి ఒక ప్రోగ్రామును నడపమంటే, ఎడిటర్ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాసి ఉన్న ఫోల్డర్లను వరసగా వెతుకుతుంది. మొదట ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతుంది. మీ ప్రాజెక్టు ఫోల్డరులోకి తనంతట తాను తొంగిచూడదు. ఈ పాత్ అనేది ఎడిటర్ మొదలైన క్షణంలో, దాన్ని మొదలుపెట్టినవారి నుంచి సంక్రమించేది. ఆ తర్వాత మీరు టెర్మినల్‌లో ఏం మార్చుకున్నా నడుస్తున్న ఎడిటర్‌కు తెలియదు.

నియోవిమ్ అనే ఎడిటర్‌లో ఈ ప్రశ్నకు ఒక వాక్యం చాలు:

:ఎకో ఎగ్జెపాత్('టైప్‌స్క్రిప్ట్-లాంగ్వేజ్-సర్వర్')

పూర్తి దారి వస్తే ఎడిటర్‌కు అది కనిపిస్తోందన్నమాట. ఖాళీ వరస వస్తే కనిపించడం లేదు. దారి వచ్చినా సంబరపడకుండా ఆ దారి ఏ ఫోల్డరుదో చదవండి. యంత్రమంతటికీ ఎప్పుడో పెట్టిన పాత సర్వర్ ముందు దొరికి ఉండవచ్చు. ఈమ్యాక్స్ అనే మరో ఎడిటర్‌లో ఆల్ట్, కోలన్ కలిపి నొక్కి, కుండలీకరణాల మధ్య ఎగ్జిక్యూటబుల్-ఫైండ్ అనీ, పక్కనే కొటేషన్లలో సర్వర్ పేరూ ఇవ్వండి. దొరకకపోతే నిల్ అంటుంది. హీలిక్స్ ఎడిటర్ వాడేవారికి ఇంకా తేలిక. టెర్మినల్‌లో హెచ్ఎక్స్ --హెల్త్ టైప్‌స్క్రిప్ట్ అని కొడితే ఏ సర్వర్ దొరికిందో, ఏది దొరకలేదో గుర్తు పెట్టి మరీ చూపిస్తుంది.

టెర్మినల్‌లో కనిపించే ప్రోగ్రాము, మెనూలోని బొమ్మ నొక్కి తెరిచిన ఎడిటర్‌కు ఎందుకు కనిపించదు? ఉబుంటు లినక్స్‌లో దీనికి కారణం కచ్చితంగా చూపించవచ్చు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌ను, దాని వెర్షన్లను మార్చుకునే ఎన్‌వీఎం ద్వారా పెట్టుకుంటే అది తన వరసలను హోమ్ ఫోల్డరులోని .బ్యాష్ఆర్‌సీ ఫైలు చివర చేరుస్తుంది. మీరు లాగిన్ అయినప్పుడు చదివేది .ప్రొఫైల్ ఫైలును. అది .బ్యాష్ఆర్‌సీని కూడా పిలుస్తుంది, నిజమే. కానీ ఆ ఫైలు మొదట్లోనే ఒక షరతు ఉంది: ఎదురుగా మనిషి కూర్చుని టైపు చేసే షెల్ (కమాండులను చదివి నడిపే ప్రోగ్రాము) కాకపోతే ఇక్కడి నుంచే వెనక్కి పో అని. లాగిన్ సమయంలో అలాంటి మనిషి లేడు కాబట్టి చివరనున్న ఎన్‌వీఎం వరసల దాకా చదవడం జరగదు. మెనూ నుంచి తెరిచిన ఎడిటర్‌కు ఆ పాత్ అందకపోవడానికి ఇదే మూలం. కావలసిన వరసను .ప్రొఫైల్‌లో పెట్టి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే అందుతుంది. ఒకవేళ హోమ్ ఫోల్డరులో .బ్యాష్_ప్రొఫైల్ అనే ఫైలు కూడా ఉంటే బ్యాష్ అనే ఆ షెల్ దాన్నే చదివి .ప్రొఫైల్‌ను వదిలేస్తుంది. అది ఉందేమో ఒకసారి చూసుకోండి.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్ ఈ విషయంలో కాస్త తెలివైనది. మెనూ నుంచి తెరిచినా, వెనకాల ఒక షెల్‌ను నడిపి దాని ఎన్విరాన్‌మెంట్‌ను తెచ్చుకుంటుంది. .బ్యాష్ఆర్‌సీలో నిదానంగా నడిచే సరంజామా అంతా నింపి ఉంటే మాత్రం షెల్ ఎంతకీ రావడం లేదని హెచ్చరించి, ఉన్నదానితోనే మొదలవుతుంది. మా పాత ల్యాప్‌టాపుల మీద ఆ హెచ్చరిక పరిచితమే.

పాత్‌లో ./నోడ్_మాడ్యూల్స్/.బిన్ అని చుక్కతో మొదలయ్యే దారి చేర్చేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. చుక్క అంటే అప్పటికి మీరు ఏ ఫోల్డరులో ఉంటే అది. ఎడిటర్ హోమ్ ఫోల్డరులో మొదలైతే ఆ దారి ఎక్కడికీ పోదు. పైగా ఎవరో పంపిన జిప్ ఫైలును విప్పి అందులోకి వెళ్లిన మరుక్షణం, దానిలోని ఏ ప్రోగ్రామైనా మామూలు కమాండు పేరు పెట్టుకుని మీ చేత నడిపించుకోగలదు.

నేను అందరికీ మొదట చెప్పే మార్గం డైరెన్వ్. చిన్న పనిముట్టు, ఏ ఎడిటర్‌కూ కట్టుబడనిది. ఉబుంటులో ప్యాకేజీలు తెచ్చే ఏపీటీతోనే వస్తుంది. .బ్యాష్ఆర్‌సీ చివర దాని హుక్ వరస ఒకటి పెట్టాలి:

ఇవాల్ "$(డైరెన్వ్ హుక్ బ్యాష్)"

తర్వాత ప్రాజెక్టు ఫోల్డరులో .ఎన్వ్ఆర్‌సీ అనే ఫైలు తెరిచి అందులో ఈ ఒక్క వరస రాయండి:

పాత్_యాడ్ నోడ్_మాడ్యూల్స్/.బిన్

ఫైలు దాచాక డైరెన్వ్ అలౌ అని ఒకసారి అనుమతి ఇవ్వాలి. ఇక ఆ ఫోల్డరులోకి అడుగుపెట్టినప్పుడల్లా ఆ .బిన్ పూర్తి దారి పాత్‌లో అందరికంటే ముందు చేరుతుంది, బయటికి వస్తే తొలగిపోతుంది. పాత్_యాడ్ చుక్క దారిని కూడా పూర్తి దారిగా మార్చి చేరుస్తుంది కనుక పైన చెప్పిన ప్రమాదం లేదు. .ఎన్వ్ఆర్‌సీలో ఒక్క అక్షరం మారినా మళ్లీ అనుమతి అడుగుతుంది. మొదట్లో విసుగనిపిస్తుంది కానీ ఆ అడగడం మంచిదే. ఈ ఏర్పాటు తర్వాత, అదే టెర్మినల్‌లో, అదే ఫోల్డరు నుంచి నియోవిమ్‌నో హీలిక్స్‌నో తెరవండి. ఎడిటర్ సెట్టింగుల్లో ఏమీ ముట్టుకోకుండానే సరైన సర్వర్ దొరుకుతుంది. మెనూ నుంచి తెరిచే ఈమ్యాక్స్‌కైతే ఎన్వ్ఆర్‌సీ అనే పేరుతోనే ఒక ప్యాకేజీ ఉంది. ఒక్కో బఫర్‌కు (తెరిచిన ఒక్కో ఫైలుకు) దాని ఫోల్డరు ఎన్విరాన్‌మెంట్‌ను అది అమరుస్తుంది.

చాలామందికి ఇంతటితో పని తీరుతుంది. తీరనిది నాలాంటివారికి. చీరల దుకాణం ఫోల్డరులో నియోవిమ్ తెరిచి, అందులోంచే రైస్ మిల్లు ఫైలును కూడా తెరిస్తే, పాత్ మాత్రం దుకాణానిదే. మిల్లు ఫైలుకు కూడా దుకాణం సర్వరే వచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు ప్రాజెక్టు మూలం (దాని అన్నిటికంటే పై ఫోల్డరు) ఏదో కనుక్కుని, దాన్ని బట్టి సర్వర్‌ను ఎంచమని ఎడిటర్‌కే చెప్పాలి.

నియోవిమ్‌లో లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే భాగం 2021లో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి లోపలే ఉంది. 2025లో వచ్చిన 0.11లో దాన్ని అమర్చడం బాగా సులువైంది: విమ్.ఎల్ఎస్‌పీ.కాన్ఫిగ్‌తో వివరాలు ఇస్తాం, విమ్.ఎల్ఎస్‌పీ.ఎనేబుల్‌తో ఆన్ చేస్తాం. వివరాల్లో మనకు ముఖ్యమైనవి రెండు. రూట్_మార్కర్స్ అనేది ప్రాజెక్టు మూలాన్ని గుర్తించే ఫైళ్ల జాబితా. అందులో ప్యాకేజ్-లాక్.జేసన్, .గిట్ పెట్టండి. సీఎండీ అనేది సర్వర్‌ను నడిపే కమాండు. దీన్ని మాటల జాబితాగా ఇవ్వవచ్చు, లేదా ఫంక్షన్‌గా ఇవ్వవచ్చు. జాబితాగా ఇచ్చి అందులో నోడ్_మాడ్యూల్స్ అని మొదలుపెట్టారా, అది నియోవిమ్ నిలబడ్డ ఫోల్డరు నుంచి లెక్కవుతుంది, ప్రాజెక్టు మూలం నుంచి కాదు. అందుకే ఫంక్షన్ కావాలి.

ఆ ఫంక్షన్‌కు రెండు విలువలు వస్తాయి: మొదటిది డిస్పాచర్స్, రెండోది కాన్ఫిగ్. కాన్ఫిగ్‌లోని రూట్_డిర్ తీసుకుని దానికి నోడ్_మాడ్యూల్స్/.బిన్/ అనీ, సర్వర్ పేరూ అతికించండి. విమ్.ఎఫ్ఎన్.ఎగ్జిక్యూటబుల్ ఆ దారికి 1 అని జవాబిస్తే ఆ దారినే వాడండి. లేకపోతే ఉత్త పేరు వాడండి, అప్పుడు పాత్‌లో దొరికింది వస్తుంది. చివరికి ఎంచిన పేరునూ --ఎస్‌టీడీఐఓనూ జాబితాగా చేసి, డిస్పాచర్స్‌తో కలిపి విమ్.ఎల్ఎస్‌పీ.ఆర్‌పీసీ.స్టార్ట్‌కు ఇచ్చి, అది ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వండి. కొన్ని వెర్షన్లలో రెండో విలువ రాదు, కాబట్టి కాన్ఫిగ్ ఖాళీగా వచ్చినా విరిగిపోకుండా రాసుకోవాలి. మొత్తం పదిలోపు వరసలే. ఎన్‌విమ్-ఎల్ఎస్‌పీకాన్ఫిగ్ ప్లగిన్ వాడుతున్నా ఇబ్బంది లేదు. మీ ఇనిట్.లువాలో (నియోవిమ్ సెట్టింగుల ఫైలు) టీఎస్_ఎల్ఎస్ పేరు మీద విమ్.ఎల్ఎస్‌పీ.కాన్ఫిగ్‌ను పిలిస్తే మీరిచ్చిన సీఎండీదే పైచేయి.

ఈమ్యాక్స్‌లో 29వ వెర్షన్ నుంచి, లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే ఎగ్‌లాట్ లోపలే వస్తుంది. ఎగ్‌లాట్-సర్వర్-ప్రోగ్రామ్స్ జాబితాలో ఏ మోడ్‌కు ఏ కమాండు అన్నది ఉంటుంది. అక్కడ కూడా కమాండు బదులు ఫంక్షన్ ఇవ్వవచ్చు. లోపలి తర్కం అదే: ప్రాజెక్టు మూలం కింద ఆ ఫైలు ఉంటే దాని పూర్తి దారి, లేకపోతే ఉత్త పేరు. ఏమీ రాయకుండా ముందు పరీక్షించాలంటే కంట్రోల్ యూ నొక్కి, తర్వాత ఆల్ట్ ఎక్స్ ఎగ్‌లాట్ అనండి. ఏ కమాండు నడపాలో అడుగుతుంది. పూర్తి దారి అక్కడ టైపు చేయండి. అలా నడిస్తే ఇక సెట్టింగు రాయడానికి కూర్చోవచ్చు.

వీఎస్ కోడ్‌ది వేరే దారి. టైప్‌స్క్రిప్ట్‌కు అది టైప్‌స్క్రిప్ట్-లాంగ్వేజ్-సర్వర్‌ను వాడదు. టైప్‌స్క్రిప్ట్‌తోనే వచ్చే టీఎస్‌సర్వర్‌తో సూటిగా మాట్లాడుతుంది, అది కూడా తన వెంట తెచ్చుకున్న వెర్షన్‌తో. ప్రాజెక్టులోని వెర్షన్ కావాలంటే .వీఎస్‌కోడ్ ఫోల్డరులోని సెట్టింగ్స్.జేసన్‌లో టైప్‌స్క్రిప్ట్.టీఎస్‌డీకే అనే పేరుకు నోడ్_మాడ్యూల్స్/టైప్‌స్క్రిప్ట్/లిబ్ అని విలువ ఇవ్వండి. ఆ తర్వాత ఒక టైప్‌స్క్రిప్ట్ ఫైలు తెరిచి, కమాండ్ పాలెట్‌లో సెలెక్ట్ టైప్‌స్క్రిప్ట్ వెర్షన్ ఎంచి, వర్క్‌స్పేస్ వెర్షన్‌ను ఒప్పుకోవాలి. రెండో అడుగు మరిచిపోతే మొదటిది ఉన్నా లేనట్టే. రస్ట్ భాషకు రస్ట్-అనలైజర్.సర్వర్.పాత్, సీ భాషకు క్లాంగ్‌డీ.పాత్ ఉన్నాయి. ఆయా ఎక్స్‌టెన్షన్లు వాటిని చదువుతాయి.

అన్ని ఎడిటర్లకూ ఉమ్మడిగా ఒక చిక్కుముడి ఉంది, నేను చూసినంతలో ఎక్కువ సమయం తినేది ఇదే. సర్వర్ పూర్తి దారి సరిగ్గా ఇస్తారు. ఎడిటర్ దాన్ని కనుక్కుంటుంది, మొదలుపెడుతుంది, మరుక్షణమే సర్వర్ చచ్చిపోతుంది. నియోవిమ్ అయితే ఎగ్జిట్ కోడ్ 127 అని చెబుతుంది. ఆ అంకె కనిపిస్తే సర్వర్‌ను అనుమానించకండి, నోడ్‌ను వెతకండి. ఎందుకంటే ఆ .బిన్‌లోని ఫైలు నిజానికి జావాస్క్రిప్ట్. దాని మొదటి వరస /యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ నోడ్ అంటుంది, అంటే నోడ్‌ను పాత్‌లో వెతికి నన్ను నడపమని. ఎన్‌వీఎం పెట్టిన నోడ్ ఎడిటర్ పాత్‌లో లేకపోతే సర్వర్ దొరికి కూడా నడవదు. పెళ్లికొడుకు వచ్చి పురోహితుడు రానట్టు. ఈమ్యాక్స్‌లో ఇది మరింత తికమక, ఎందుకంటే అక్కడ జాబితాలు రెండు: ప్రోగ్రామును వెతకడానికి ఎగ్జెక్-పాత్, ఆ ప్రోగ్రాముకు అప్పగించడానికి పాత్ వేరియబుల్. ఒకదాన్ని మారిస్తే రెండోది మారదు. ఎగ్జెక్-పాత్ ఒక్కటే మారిస్తే సర్వర్ దొరుకుతుంది, సర్వర్‌కు మాత్రం నోడ్ దొరకదు. రెండింటినీ మార్చాలి, లేదా రెండింటినీ షెల్ నుంచి తెచ్చే ఎగ్జెక్-పాత్-ఫ్రమ్-షెల్ ప్యాకేజీ పెట్టుకోవాలి.

టైప్‌స్క్రిప్ట్-లాంగ్వేజ్-సర్వర్ గురించి ఇంకో మాట. అది తనంతట తాను కోడ్ చదవదు, టీఎస్‌సర్వర్‌కు మధ్యవర్తి మాత్రమే. ఎర్ర గీతలు ఏ వెర్షన్ ప్రకారం పడతాయన్నది టైప్‌స్క్రిప్ట్‌ను బట్టి ఉంటుంది, మధ్యవర్తిని బట్టి కాదు. ప్రాజెక్టులో టైప్‌స్క్రిప్ట్ ఉంటే దాన్నే తీసుకుంటుంది. కాబట్టి మధ్యవర్తి అందరికీ ఒకటే అయినా టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టులో ఉంటే సగం పని అయినట్టే. టైప్‌స్క్రిప్ట్ వేరే చోట ఉంటే టీఎస్‌సర్వర్.పాత్ అనే ఆప్షన్‌తో చూపించవచ్చు.

పైథాన్‌లో పరిస్థితి కొంత నయం. ప్రాజెక్టులో .వెన్వ్ పేరుతో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకే చెందిన పైథాన్ ఫోల్డరు) చేసి, దానిలోనే పైథాన్-ఎల్ఎస్‌పీ-సర్వర్‌ను పిప్‌తో పెట్టండి. నడిపే పేరు మాత్రం పైఎల్ఎస్‌పీ. ఎడిటర్‌కు .వెన్వ్/బిన్/పైఎల్ఎస్‌పీ పూర్తి దారి ఇస్తే చాలు, యాక్టివేట్ చేయనక్కర్లేదు. ఆ ఫైలు మొదటి వరసలో .వెన్వ్‌లోని పైథాన్ పూర్తి దారి రాసి ఉంటుంది, కాబట్టి 127 బాధ ఇక్కడ లేదు. పైరైట్ అనే మరో సర్వర్ వాడేవారికి మాత్రం సర్వర్ దొరకడం ఒకటి, మీ ప్యాకేజీలు ఎక్కడున్నాయో సర్వర్‌కు తెలియడం మరొకటి. పైరైట్‌కాన్ఫిగ్.జేసన్‌లో వెన్వ్‌పాత్‌కు చుక్క, వెన్వ్‌కు .వెన్వ్ అని ఇవ్వండి. లేకపోతే ఆ ప్యాకేజీల ప్రతి ఇంపోర్ట్ కిందా గీత గీస్తుంది.

ఆ పూర్తి దారి వల్లనే ఇంకో తంటా ఉంది. ఫోల్డరు పేరు మార్చినా, వేరే చోటికి కదిపినా .వెన్వ్ పనికిరాదు. పైథాన్ కోసం పాత చోటే వెతికి, బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అంటుంది. దాన్ని బాగుచేయాలని కూర్చోకుండా తీసేసి మళ్లీ చేసుకోవడమే త్వరగా అయ్యే పని.

మా వైపు కరెంటు పోతే నెట్ కూడా పోతుంది, ఫోను డేటా పొదుపుగా వాడాలి. అందుకని ప్రాజెక్టులను పెన్‌డ్రైవ్‌లో మోయడం మాకు మామూలే. నోడ్_మాడ్యూల్స్‌ను మాత్రం అలా మోయకండి. లినక్స్‌లో .బిన్‌లో ఉండేవి అసలు ఫైళ్లు కావు, వాటికి చూపించే సిమ్‌లింకులు. పెన్‌డ్రైవుల మీద సాధారణంగా ఉండే ఎఫ్ఏటీ32, ఎక్స్ఎఫ్ఏటీ సిమ్‌లింకులను దాచలేవు, ఈ ఫైలు నడపదగినది అనే గుర్తునూ దాచలేవు. కాపీ పూర్తయినట్టే ఉంటుంది, అవతలి యంత్రంలో సర్వర్ లేవదు. తప్పనిసరైతే టార్ ఫైలుగా (అన్నీ ఒకే మూటగా) కట్టి మోసుకెళ్లి, అవతల లినక్స్ ఫోల్డరులో విప్పండి. ఇంకా మంచి పద్ధతి: ప్యాకేజ్-లాక్.జేసన్‌తో పాటు హోమ్‌లోని .ఎన్‌పీఎం నిల్వ ఫోల్డరును టార్ కట్టి తీసుకెళ్లి, అక్కడ ఎన్‌పీఎం సీఐ --ఆఫ్‌లైన్ కొట్టడం. ఒక హెచ్చరిక: ఎన్‌పీఎం సీఐ మొదట ఉన్న నోడ్_మాడ్యూల్స్‌ను తీసేసి ఆ తర్వాతే పని మొదలుపెడుతుంది. నిల్వలో ఒక్క ప్యాకేజీ తక్కువైనా నెట్ లేనిచోట ఉన్నదీ పోయి కూర్చుంటారు. పాత ఫోల్డరుకు వేరే పేరు పెట్టి పక్కన ఉంచాకే ఆ కమాండు కొట్టండి.

గో భాషకూ రస్ట్‌కూ ఇంత తతంగం లేదు. గో సర్వరైన గోపీఎల్ఎస్‌ను గో ఇన్‌స్టాల్‌తో పెడితే హోమ్‌లోని గో/బిన్‌లో చేరుతుంది, ఆ ఫోల్డరు పాత్‌లో ఉంటే చాలు. రస్ట్-అనలైజర్‌ను రస్టప్ కాంపోనెంట్ యాడ్‌తో తెచ్చుకుంటే, ప్రాజెక్టుకు ఏ టూల్‌చెయిన్ నిర్ణయించారో దాని సర్వరే నడుస్తుంది. క్లాంగ్‌డీ దొరకడం ఎప్పుడూ సమస్య కాదు. దానికి కంపైల్_కమాండ్స్.జేసన్ కావాలి, అది వేరే కథ. ఎడిటర్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా పెట్టుకున్నవారు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. అది తన గదిలో తాను ఉంటుంది, బయటి యంత్రంలోని /యూఎస్ఆర్/బిన్ దానికి కనిపించదు. పాత్ ఎంత దిద్దినా ప్రయోజనం లేదు. నేనైతే ఎడిటర్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా పెట్టను. విండోస్‌లో .బిన్‌లో అదే పేరుకు చివర .సీఎండీ ఉన్న ఫైలు ఉంటుంది, పూర్తి దారి ఇచ్చేటప్పుడు ఆ తోకను కూడా కలపాలి.

ప్రాజెక్టులోని సర్వర్‌కు ఎడిటర్ మొదటి స్థానం ఇస్తుందంటే, ఆ ఫోల్డరును పంపినవారి ప్రోగ్రామును మీ పేరు మీద నడుపుతుందని అర్థం. ఫైలు తెరిస్తే చాలు, మీరు ఏమీ నొక్కనక్కర్లేదు. నోడ్_మాడ్యూల్స్‌తో సహా ఎవరైనా జిప్ పంపితే నేను ముందు ఆ ఫోల్డరును తీసేసి, లాక్ ఫైలు చూసి మళ్లీ పెట్టుకుంటాను. వీఎస్ కోడ్ 2021 నుంచి కొత్త ఫోల్డరు తెరవగానే ఈ రాసినవారిని నమ్ముతారా అని అడుగుతోంది. మా కుర్రవాళ్లు చదవకుండా అవునని నొక్కేసేవారు. ఇప్పుడు తెలియని ఫోల్డరైతే ముందు కాదని నొక్కి, చదివి, తర్వాత మార్చుకోవాలన్నది మా గది కట్టడి. నియోవిమ్‌లో పైన చెప్పిన ఫంక్షన్‌కు ఇలాంటి కాపలా ఏదీ ఉండదు. అందుకే నేను అందులో ఇంకో షరతు పెట్టుకున్నాను: ప్రాజెక్టు మూలం నా పని ఫోల్డరు కిందిదైతేనే లోపలి సర్వర్, డౌన్‌లోడ్స్‌లో ఉన్నదైతే ఉత్త పేరు.

సర్వర్ లేచిందో లేదో తేల్చుకోవడానికి నియోవిమ్‌లో :చెక్‌హెల్త్ విమ్.ఎల్ఎస్‌పీ చూడండి. ఏ సర్వర్ ఏ మూలానికి అతుక్కుందో చెబుతుంది. లేవకపోతే హోమ్‌లోని .లోకల్/స్టేట్/ఎన్‌విమ్ ఫోల్డరులో ఎల్ఎస్‌పీ.లాగ్ ఉంటుంది, చివరి వరసలు చదవండి. ఈమ్యాక్స్‌లో ఆల్ట్ ఎక్స్ ఎగ్‌లాట్-ఎస్‌టీడీఈఆర్ఆర్-బఫర్. తర్వాత అసలు పరీక్ష: 21ని అంకెగా ఉంచి, కొటేషన్లలోని 21తో పోల్చే వాక్యం ఒకటి రాయండి, గీత పడాలి.

సర్వర్ వెర్షన్ మార్చినప్పుడల్లా నడుస్తున్న పాతదాన్ని దింపడం కూడా అవసరం. ఎన్‌పీఎం డిస్క్ మీద ఫైళ్లను మారుస్తుంది, మెమరీలో ఉన్న సర్వర్ మాత్రం పాతదిగానే సాగుతుంది. వీఎస్ కోడ్‌లో రీస్టార్ట్ టీఎస్ సర్వర్, ఈమ్యాక్స్‌లో ఎగ్‌లాట్-రీకనెక్ట్. నియోవిమ్‌లో నేను ఎడిటర్‌నే మూసి, ప్రాజెక్టు ఫోల్డరు నుంచి మళ్లీ తెరుస్తాను. డైరెన్వ్ మార్పులు కూడా అప్పుడే అందుతాయి.